చెప్పు చెప్పిన సాక్ష్యం

లా కాలేజీ మెట్ల కింద, సైకిళ్ళ స్టాండుకీ నోటీసు బోర్డుకీ మధ్య ఇరుక్కుని ఒక జిరాక్సు షాపు ఉంది. దాని యజమానిని ఊరంతా సగంలాయరు అంటుంది. లా చదువు సగంలో మానేశాడు కాబట్టి సగం. ఎందుకు మానేశాడని అడిగితే మాత్రం అడిగినవాడి మొహాన్ని బట్టి జవాబు వస్తుంది. మొదటి సంవత్సరం పిల్లలు అడిగితే, తను అడిగే ప్రశ్నలకి తట్టుకోలేక ముగ్గురు ప్రొఫెసర్లు ఒకే వారంలో రాజీనామా ఇచ్చారనీ, కాలేజీ మూతపడకుండా ఉండాలని తనే తప్పుకున్నాననీ చెబుతాడు. చివరి సంవత్సరం వాళ్ళడిగితే, ఊళ్ళో లాయర్లంతా కట్టకట్టుకుని ఇంటికొచ్చి, "నువ్వు నల్లకోటు తొడిగావంటే మా పిల్లలు పస్తులే" అని కాళ్ళావేళ్ళా పడ్డారంటాడు.

అసలు కారణం పక్క షాపులో కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది. ఆవిడ ఆయన భార్య. టైలరమ్మ అంటారు. మొగుడి కథ ముదురు పాకాన పడేసరికి తలెత్తకుండానే అందిస్తుంది.

"సాక్ష్యం పేపరు. మూడుసార్లు రాశారు. పద్దెనిమిది, పదకొండు, తొమ్మిది."

"చూశారా!" అంటాడాయన, ఏమాత్రం తొణక్కుండా. "మూడుసార్లు రాసినవాడికి సాక్ష్యం గురించి ఎక్కువ తెలుస్తుందా, ఒక్కసారి రాసి బయటపడ్డవాడికా?"

నిజానికి ఆ పేపర్లో ఆయన తప్పు రాయలేదు, ఎక్కువ రాశాడు. 'కళ్ళారా చూసిన సాక్షి అంటే ఎవరు?' అని అడిగితే, తను కళ్ళారా చూసిన నాలుగు సంగతులూ, చూడని ఎనిమిది సంగతులూ కలిపి పన్నెండు పేజీలు నింపాడు. దిద్దిన మాస్టారు చివర్లో ఎర్రసిరాతో "చాలా బావుంది, కానీ ఇది జవాబు కాదు" అని రాశారట. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి మిషను పైన వేలాడదీశాడు. పొరపాటున 'కానీ' దగ్గరికి వచ్చేసరికి ఫ్రేము అడ్డొచ్చింది.

జిరాక్సు తీయడానికి అరనిమిషం పడుతుంది. సగంలాయరు దగ్గర అరగంట పడుతుంది. ప్రతి కాపీతోపాటు ఒక కథ ఉచితం. వాటిల్లో రారాజు లాంటిది అరవై ఎనిమిది వరద కథ.

ఆ ఊరి ఏటి రేవులో ఒకప్పుడు నిలువెత్తు చెక్క మనిషి ఉండేవాడు. గెడకర్రకి ఆనుకుని, ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, అవతలి ఒడ్డు వైపు చూస్తుండేవాడు. ఎవరు చెక్కారో, ఎన్ని తరాలనాటి వాడో ఎవరికీ తెలీదు. రేవు తాత అనేవాళ్ళు. అరవై ఎనిమిదిలో ఏరు పొంగి, నీళ్ళు తాత తల మీదుగా పోతుంటే, రేవు స్టూడియో నడిపే సగంలాయరు నాన్న, కెమెరాని పళ్ళతో పట్టుకుని దూకి, ఒక చేత్తో ఈదుతూ, ఇంకో చేత్తో తాతని వాటేసుకుని, వరద తీసేదాకా వదల్లేదట. అలిసిపోయిన చేపలు ఆయన భుజాల మీదికెక్కి సేదతీరాయట. మూడేళ్ళకి అల్లర్లు వచ్చాయి. ఆ గందరగోళంలో అధికారం చేతిలో ఉన్న పెద్దమనుషులెవరో లారీ వేసుకొచ్చి, తాతని పెకలించి ఎక్కించుకుపోయారు. వరద నుంచి కాపాడిన మనిషి లారీ నుంచి కాపాడలేకపోయాడు. కథ అక్కడికొచ్చేసరికి సగంలాయరు గొంతు తగ్గుతుంది. ఆ ఒక్క ముక్కకి మాత్రం టైలరమ్మ అడ్డు తగలదు. ఎందుకంటే అది నిజం.

నాలుగేళ్ళ కిందట ఆ కాలేజీకి కాపీరైట్ పాఠం చెప్పడానికి కొత్త మేడమ్ వచ్చింది. చేరిన రోజునే ఆర్డరు కాగితం కాపీ తీయించుకోవడానికి షాపు ముందు నిలబడింది. కొత్త గిరాకీ కనబడితే సగంలాయరు నోరు ఊరుకుంటుందా!

"కాపీరైట్ చెప్పడానికొచ్చారా మేడమ్? పుస్తకం కావాలంటే మొహమాటపడకండి. స్పైరల్ కొట్టి రెడీగా ఉంచాను. బయట కొన్నారంటే చేతిచమురు వదులుతుంది" అని ఒక లావుపాటి కట్ట ముందు పెట్టాడు.

మేడమ్ అట్ట తిరగేసింది. "ఎలా ఉంది పుస్తకం?"

"ఎవరో మహాతల్లి. బాగానే రాసింది. రెండో చాప్టరు కాస్త సాగదీసింది."

"నిజమే. అది రాసేటప్పుడు నాకూ అనిపించింది."

షాపులో రెండు జిరాక్సు మిషన్లూ ఒకేసారి ఆగిపోయాయి. ఒకదాంట్లో కాగితం అయిపోయింది. రెండోది సిగ్గుతో ఆగిందని ఇప్పటికీ చెబుతాడు.

మేడమ్ కేకలేసినా బావుండేది. వెయ్యలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, గంటసేపు క్లాసు తీసుకుంది. చదువుకోడానికి నాలుగు పేజీలు తీసుకోవడం వేరు, పుస్తకాన్ని మొత్తంగా అచ్చుగుద్ది అమ్ముకోవడం వేరు అంది. సగంలాయరు ఊరికే ఒప్పుకునే రకమా? "కాపీ తీస్తే పోయేదేముంది మేడమ్? అసలు పుస్తకం అక్కడే ఉంటుందిగా?"

"పుస్తకం ఎక్కడికీ పోదు. రాసినవాళ్ళ పేరే పోతుంది. మీ కట్ట మీద నా పేరెక్కడుంది చూపించండి."

చూశాడు. అట్ట మీద 'కాపీరైట్ – సెమిస్టరు 4' అనుంది. పేరున్న పేజీని కాగితం దండగని ఆయనే తీసేశాడు.

మర్నాడు షాపుకి కొత్త బోర్డు పడింది: 'ఒక్క చాప్టరు వరకే. మొత్తం పుస్తకం అడిగినవారు మేడమ్ దగ్గరికి పంపబడుదురు.' ఆ దెబ్బకి సగం గిరాకీ తగ్గింది, కథలకి ఖాళీ పెరిగింది. మేడమ్ కూడా సాయంత్రాలు వచ్చి వినేది. వరద కథ ఏడుసార్లు విని, ఏడోసారి చేపల సంఖ్య పెరిగిందని పట్టుకుంది.

మేడమ్ తన క్లాసులో పిల్లలకి ఉత్త పాఠాలు చెప్పి వదలదు. నిజమైన కేసు ఒకటి చేతికిస్తుంది. ఆ ఏడాది ఇచ్చింది రేవు తాత కేసే. తాత దూరదేశంలో ఒక పెద్ద మ్యూజియంలో తేలాడు. ఊరి పురపాలక సంఘం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుంటే, ఏడాదికోసారి ఒక్క లైను జవాబు వస్తోంది. "మేము అరవై ఆరులో సొంతదారు దగ్గర న్యాయంగా కొన్నాం. కాగితాలు సరిగ్గా ఉన్నాయి." అల్లర్లు డెబ్భై ఒకటిలో. మరి అరవై ఆరులో కొన్న కాగితం ఎక్కడిది? ఎవరో తేదీ వెనక్కి వేసి పుట్టించారని ఊరందరికీ తెలుసు. తెలిస్తే చాలదు కదా, చూపించాలి.

ఒక మధ్యాహ్నం ఆ క్లాసు అమ్మాయి ఒకతి మ్యూజియం వాళ్ళ కేటలాగు తెచ్చింది. "బాబాయ్, ఈ ఒక్క పేజీ తీసిపెట్టు. ఒక్క పేజీయే, మేడమ్‌కి చెప్పకు."

సగంలాయరు పేజీని అద్దం మీద బోర్లించబోయి ఆగిపోయాడు. తాత బొమ్మ. పాత నలుపు తెలుపు ఫొటో. కింద చిన్న అక్షరాలు అమ్మాయే చదివి చెప్పింది. "అమ్మినవారి పెరట్లో, అరవై ఆరుకి ముందు. ఫొటో తీసినవారు తెలియదు."

"తెలియదా?" అన్నాడు. ఫొటో అడుగున ఎడమ మూల మీద వేలు పెట్టాడు. అక్కడొక చెప్పు ఉంది. ఎడమకాలి చెప్పు. వేలి పట్టీ తెగితే రాగితీగతో కట్టిన చెప్పు. "తెలియకపోవడమేంటమ్మా. ఇది మా నాన్న చెప్పు!"

సగంలాయరు నాన్నకి ఒక అలవాటు. ఆరుబయట ఫొటో తీయాల్సొస్తే చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో నేలని కరిచిపట్టుకుని నిలబడేవాడు. అలా అయితేనే చెయ్యి వణకదని ఆయన నమ్మకం. విడిచేటప్పుడు కాలు విదిలిస్తే కుడిది వెనక్కి పోయేది, ఎడమది మాత్రం ముందుకి దొర్లి ఫ్రేములో మూలకొచ్చి కూర్చునేది. ఎవరన్నా అడిగితే, "సంతకం. తీసేస్తే ఫొటో చెల్లదు" అని దబాయించేవాడు.

ఆ పూట షాపు కట్టేసి కేటలాగుతో పాటు మేడమ్ గదికి పరుగెత్తాడు. ఆవిడ భూతద్దం పెట్టి చెప్పుని చూసింది, కేటలాగు చూసింది, చివరికి సగంలాయరుని చూసింది.

"ఫొటో మీ నాన్నగారిదే. ఎవరన్నా అడిగి తీయించుకున్నారా, ఆయనే ఇష్టపడి తీశారా?"

"ఆయనిష్టమే. స్టూడియోలో అట్టల మీద అంటించి అమ్మేవాడు."

"అయితే హక్కు ఆయనది. ఆయన తర్వాత వారసుడిగా మీది. మిమ్మల్ని అడక్కుండా వాళ్ళు అచ్చేశారు." మేడమ్ కళ్ళు మెరిశాయి. "ఊరు రాస్తే ఒక్క లైను జవాబిచ్చేవాళ్ళు, ఇప్పుడెన్ని లైన్లు రాస్తారో చూద్దాం."

రాశారు. పది రోజుల్లో రెండు పేజీలు వచ్చాయి. ఫొటో వాడినందుకు మర్యాదగా విచారం తెలిపారు. తీసినది నాన్నే అని రుజువు, అసలు నెగటివు, ఫొటో ఎప్పటిదో ప్రమాణపత్రం, ఈ మూడూ నెలరోజుల్లో పంపమన్నారు. ఫొటో అరవై ఆరు తర్వాతదని తేలితే తాతని తిరిగివ్వడం గురించి కమిటీ కూర్చుంటుంది. తేలకపోతే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు.

"నెగటివు ఉందా?" అని అడిగింది మేడమ్.

"ఎందుకుండదు మేడమ్! నాన్న నెగటివులు అటక మీద బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి. మ్యూజియంలో కూడా అంత భద్రంగా ఉండవు" అన్నాడు సగంలాయరు. ఈసారి కోత కాదు. నిజంగానే ఉన్నాయి. డబ్బాలో వరసగా కవర్లు, కవరు మీద నాన్న చేతిరాత.

రెండో రోజు ఆ కవరు దొరికింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నెగటివుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. కేటలాగులో బొమ్మ సగమే. దాని కుడిపక్కని ఎవరో కత్తిరించారు. అసలులో ఆ పక్కన రేవు గోడ ఉంది. గోడ మీద వరద గుర్తు: ఒక అడ్డగీత, దాని పక్కన పెద్ద అంకెల్లో '68'. వంతెన కట్టినప్పుడు ఆ గోడని కూల్చేశారు. ఇప్పుడది మిగిలింది ఈ నెగటివులోనే. అరవై ఎనిమిది వరద గుర్తు పక్కన తాత నిలబడి ఉన్నాడంటే అరవై ఆరులో వాళ్ళు కొన్నది ఎవర్ని? అంతకంటే ఏం కావాలి!

గంతెయ్యబోయి, సగంలాయరు ఆ గీతని ఇంకోసారి చూశాడు. తాతని చూశాడు. మళ్ళీ గీతని చూశాడు.

గీత తాత మోకాలి దగ్గర ఉంది.

తల మీదుగా పోయిన వరద, మోకాలి దగ్గర! కెమెరాని పళ్ళతో పట్టుకుని మోకాలి లోతులో ఈదే మనిషెవరు? చేపలు భుజమెక్కాలంటే ఎంత ఎగరాలి? యాభై ఏళ్ళ కథ కళ్ళముందే బట్ట కుంచించుకుపోయినట్టు ముడుచుకుపోయింది. నాన్న గురించి ఊళ్ళో మిగిలిన గొప్ప అదొక్కటే. దాన్ని ఊరందరికీ పంచిపెట్టింది తను. ఇప్పుడు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి దాన్ని అబద్ధమని చాటింపు వేయాలి.

కవరుని జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు మేడమ్ అడిగితే "వెతుకుతున్నా మేడమ్, డబ్బాలు కాస్త ఎక్కువున్నాయి" అన్నాడు. ఆ మర్నాడూ అదే మాట. మూడు రోజులు షాపులో ఒక్క కథా లేదు. పిల్లలు జిరాక్సు అరనిమిషంలో చేతికొచ్చేసరికి బిత్తరపోయి, బాబాయికి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోమని టైలరమ్మని అడిగారు.

చొక్కాకి బొత్తాం ఊడిందని కుట్టబోతే టైలరమ్మ చేతికి కవరు తగిలింది. వెలుతురుకి పెట్టి చూసింది. గంట తర్వాత మొగుడు భోజనానికి కూర్చుంటే ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది వెతుకుతున్నారటగా?"

తేలుకుట్టిన దొంగలా కంచంలోకి చూశాడు.

"తాత రావడం ఇష్టం లేదా మీకు?"

"ఇష్టం లేకేమే! నాన్నని నలుగురూ నవ్వుతారు. పళ్ళతో కెమెరా పట్టుకుని, ఒంటిచేత్తో..."

"మోకాల్లోతు నీళ్ళల్లో."

"అదే!"

టైలరమ్మ నవ్వు ఆపుకుంది. "కవరు వెనక చూశారా? ముందు మాత్రమే చదివుంటారు. పరీక్షలోనూ అంతేగా, ప్రశ్న సగం చదివి మొదలెట్టేవారు."

తిప్పాడు. వెనకవైపు నాన్న పెన్సిలుతో రాసిన మూడు లైన్లున్నాయి. 'రేవు తాత. రీలు చివర మిగిలిన ఒక్క ఫిల్ము. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. పిల్లాడు తాత మునిగిపోతాడని ఒకటే ఏడుపు, నేను పట్టుకుంటాలే అని చెప్పాను.'

సగంలాయరు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. ఆరేళ్ళ పిల్లాడు తనే. నాన్న చెప్పింది ఒక్క మాట. పట్టుకుంటాలే. ఈత, పళ్ళు, చేపలు, తల మీదుగా నీళ్ళు, ఇవన్నీ ఎవరు కలిపారు? నాన్న రెండు ముక్కలు కలిపుంటాడు, ఆయనేం తక్కువ తినలేదు. కానీ ఏటేటా నీళ్ళు పెంచుకుంటూ వచ్చింది మాత్రం తనే.

"మీ నాన్నగారు నోటితో ఎన్ని కోతలైనా కోసుంటారు. కవరు మీద మాత్రం ఒక్క అంగుళం పెంచలేదు చూడండి" అంది టైలరమ్మ. "అన్నం చల్లారిపోతోంది."

సాయంత్రానికి నెగటివు మేడమ్ బల్ల మీద ఉంది. దాంతోపాటు మూడు రోజులు దాచానన్న ఒప్పుకోలు కూడా. మేడమ్ తెల్లకాగితం ముందు పెట్టింది. "మీ మాటల్లోనే చెప్పండి, రాసుకుంటాను."

"నేను, ఈ ఊళ్ళో పేరుమోసిన..."

"కొట్టేస్తున్నా."

"నేను, న్యాయశాస్త్రంలో దిట్ట అయిన..."

"కొట్టేస్తున్నా."

"నేను..."

"అది చాలు. తర్వాత?"

"మా నాన్న, కళా ప్రపంచంలో ధ్రువతార..."

"ఏం చేసేవారు?"

"ఫొటోలు తీసేవాడు."

"అదే రాస్తున్నా. ఎన్ని తీశారు?"

"లక్ష."

మేడమ్ పెన్ను ఆపి చూసింది.

"డబ్బాల్లో నాలుగు వందల పై చిలుకు కవర్లున్నాయి" అన్నాడు సగంలాయరు, పన్ను పీకించుకుంటున్నవాడి మొహంతో.

ఐదుసార్లు తిరగరాశారు. పదకొండు పేజీలతో మొదలైన ప్రమాణపత్రం పేజీన్నరకి దిగింది. ఆ పేజీన్నరలో ఉన్నదంతా ఆయన చూసిందీ, ఆయనకి తెలిసిందీ. జీవితంలో ఆయన రాసిన అన్నిటికంటే చిన్నది అదే, అన్నిటికంటే కష్టపడింది కూడా దానికే.

ఇక చెప్పు సంగతి. తీసింది నాన్నే అని రుజువు కావాలి కదా. 'రేవు స్టూడియో పాత ఫొటోలున్నవాళ్ళు ఒక్కసారి చూపించండి' అని షాపు ముందు కాగితం అంటించాడు. వారం తిరిగేసరికి జిరాక్సు షాపు ముందు బారులు తీరారు. పెళ్ళి ఫొటోలు, బడి పిల్లల గ్రూపు ఫొటోలు, కొత్త సైకిలు పక్కన మీసం తిప్పుతున్న కుర్రకారు. ప్రతిదాంట్లో ఎడమ మూల రాగితీగ చెప్పు.

"మా పెళ్ళి ఫొటోలో మా అత్తగారి పక్కనే ఉండేది. అత్తగారి చెప్పే అనుకుని ఇన్నాళ్ళూ జడిశాను" అంది ఒక ముసలావిడ.

"మా గ్రూపులో నలభై మందిమి. చెప్పుతో నలభై ఒకటి. హాజరు వేసేటప్పుడు మాస్టారు దాన్నీ లెక్కేసేవారు" అన్నాడు రిటైరైన పోస్టుమాస్టరు.

ఇరవై మూడు ఫొటోలు ఏరారు. ఎవరి అనుమతి వాళ్ళ దగ్గర రాయించి మరీ కాపీ తీశాడు సగంలాయరు. మేడమ్ అడక్కుండానే.

మ్యూజియం వాళ్ళు వీడియోలో మాట్లాడతామన్నారు. కాలేజీ సెమినారు గదిలో తెర కట్టారు. ఇటువైపు మేడమ్, సగంలాయరు, వెనక బెంచీలో టైలరమ్మ, క్లాసు పిల్లలు. అటువైపు తెల్లజుట్టు లాయరు, పక్కన ఇద్దరు. మధ్యలో అనువాదం చేసే ఒక ఆడమనిషి గొంతు, ఎత్తూ పల్లం లేకుండా.

తెల్లజుట్టు లాయరు నెగటివు గురించి అడిగాడు, కవరు గురించి అడిగాడు, చెప్పు దగ్గర నాలుగు నిమిషాలు ఆగాడు. అన్నీ సాఫీగా పోతున్నాయి అనుకునేలోపు, "ఈయన సాక్ష్యాన్ని మేం ఎందుకు నమ్మాలి?" అని తెర మీద ఇంకో వీడియో వేశాడు.

అందులో సగంలాయరే ఉన్నాడు. షాపులో, మిషను మీద మోచెయ్యి పెట్టుకుని. ఎవరో విద్యార్థి రెండేళ్ళ కిందట తీసి నెట్లో పెట్టాడు. "నీళ్ళు తాత తల మీదుగా... కెమెరా పళ్ళతో..." అనువాదపు గొంతు అదే ధోరణిలో అన్నీ అవతలి భాషలోకి దించుతూ పోయింది. చేపలు భుజాల మీదికొచ్చేసరికి మాత్రం ఆ గొంతు ఒక్క క్షణం ఆగి, "క్షమించాలి, చేపలు అనే అన్నారా?" అని అడిగింది.

తెల్లజుట్టు లాయరు కళ్ళజోడు తీశాడు. "ఇక్కడ నీళ్ళు తల దాకా అన్నారు. ప్రమాణపత్రంలో మోకాలి దాకా అంటున్నారు. మీరు ఎక్కడ అబద్ధం చెబుతున్నట్టు?"

 మేడమ్ సగంలాయరు వైపు చూసింది. ఇది ఆవిడ చెప్పాల్సిన జవాబు కాదు. సగంలాయరుకి పన్నెండు పేజీల జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. వెనక బెంచీ మీద టైలరమ్మ గాజుల చప్పుడు వినబడింది. మింగేశాడు.

"వీడియోలో చెప్పింది కథండీ. కాగితంలో రాసింది ప్రమాణం" అన్నాడు. "ఆరేళ్ళప్పుడు తాత మునిగిపోతాడని ఏడిస్తే, నేను పట్టుకుంటాలే అన్నాడు మా నాన్న. ఆ కథని పెంచింది నేను. మా నాన్నకి అసలు ఈతే రాదు. నా నోట్లో నీళ్ళు ఏటా పెరిగాయి. ఆ ఫొటోలో పెరగలేదు. ఆ గీత నేను గీసింది కాదు, ఆ చెప్పు నేను పెట్టింది కాదు. నన్ను నమ్మకండి. చెప్పు ఏం చెబుతోందో అది వినండి."

చెప్పు చెప్పడం ఏమిటో అనువాదపు గొంతుకి ఒక పట్టాన అంతుబట్టలేదు. ఆ రెండు మాటలూ ఈ భాషలో ఒకటేనని మేడమ్ వివరించాల్సొచ్చింది. అర్థమయ్యాక అటువైపు కూర్చున్న ఇద్దరిలో ఒకావిడ నవ్వింది. తెల్లజుట్టు లాయరు కళ్ళజోడు పెట్టుకుని, ఎదుట ఉన్న ఫొటోలో గోడ మీది గీతనీ, అంకెలనీ చాలాసేపు చూశాడు. "ఇక అడిగేదేమీ లేదు" అన్నాడు.

బయటికి రాగానే మేడమ్ అంది, "నలభై ఏళ్ళు ఆలస్యమైంది గానీ, సాక్ష్యం పేపరు పాసయ్యారు."

"ఎన్ని మార్కులు మేడమ్?"

"ముప్పై ఐదు."

"అంతేనా!"

"మూడు రోజులు దాచినందుకు కోసేశాను."

నెలన్నరకి కమిటీ ఉత్తరం వచ్చింది. తాతని ఊరికి తిరిగిస్తున్నారు. దాంతో పాటు సగంలాయరు పేరున వేరే ఉత్తరం: ఫొటోని కొత్త కేటలాగులో వాడుకోవడానికి అనుమతిస్తారా? ఆయన మేడమ్‌ని అడిగి, తిరుగుటపాలో ఊరికే ఇచ్చేశాడు, రెండు షరతుల మీద. ఒకటి, నాన్న పేరు ఇంటిపేరుతో సహా వేయాలి. రెండు, చెప్పుని కత్తిరించకూడదు.

తాత వచ్చిన రోజు పొద్దున్నే వంతెన దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. తీసుకుపోయిందీ లారీయే, తెచ్చిందీ లారీయే. పెట్టె మేకులు ఊడదీసి, గడ్డీ గుడ్డలూ తొలగిస్తే నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని తాత బయటపడ్డాడు. వెలుతురు కళ్ళల్లో పడిందని చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టే ఉన్నాడు. ఇంత దూరం పోయొచ్చినా మొహంలో ఏ మార్పూ లేదు, పోస్టాఫీసుకి వెళ్ళొచ్చిన మనిషిలా. రేవు మెట్ల పక్కన కొత్తగా కట్టిన అరుగు మీద, కొత్త కప్పు కింద నిలబెట్టారు. పక్కన పలక మీద నాన్న ఫొటో పెద్దది చేసి పెట్టారు, కింద ఆయన పేరుంది. సగంలాయరు ఆ పేరుని మూడుసార్లు చదివి, చొక్కా కొసతో తుడిచాడు. దుమ్ము లేదు, అయినా తుడిచాడు. తర్వాత తాత పక్కకెళ్ళి, ఎవరూ చూడట్లేదనుకుని, ఒక చెయ్యి తాత నడుము చుట్టూ వేసి కాసేపు అలా పట్టుకు నిలబడ్డాడు. టైలరమ్మ చూసింది. చూసి, అటు తిరిగి ఏరు చూసినట్టు నటించింది.

ఇప్పుడు షాపులో కొత్త కథ నడుస్తోంది. తెర మీద అవతలివైపు లాయరు ఒక్కడే ఉన్న మాట నిజమే గానీ, సగంలాయరు చెప్పేటప్పుడు పద్నాలుగు మంది అవుతారు. ఆయన ఒక్క మాట అనేసరికి ఆ పద్నాలుగు మంది కళ్ళజోళ్ళూ ఒకేసారి చెమర్చాయంటాడు. అనువాదం చేసినావిడ ఉద్యోగం మానేసి తెలుగు నేర్చుకుంటోందంటాడు. నాలుగు పేజీల కాపీకి వచ్చిన పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టుకుని నిలబడిపోతారు.

మొన్న కొత్తగా చేరిన ఒకమ్మాయి అంతా విని, "అయితే బాబాయ్, అసలా వరదలో నీళ్ళు ఎంతవరకు వచ్చినట్టు?" అని అడిగింది.

సగంలాయరు మిషను ఆపాడు. వంగి, అరచేతిని మోకాలికి సరిగ్గా ఆనించి చూపించాడు. "ఇంతవరకు. ప్రమాణం చేసి చెబుతున్నా."

అమ్మాయి కాగితాలు తీసుకుని మెట్లెక్కుతోంది. చెయ్యి ఇంకా అక్కడే ఉంది. మెల్లిగా ఒక అంగుళం పైకి జరిగింది. అప్పుడే పక్క షాపులోంచి కత్తెర ఒక్కసారి టక్కుమంది.

చెయ్యి మళ్ళీ మోకాలి మీదికి దిగింది.